దూది మస్తాన్ పిలిచిన పేర్లు

ఏంటీ, మస్తాన్ల బజారా? బాగా అడిగారల్లుడుగారూ! మా ఊరొచ్చిన ప్రతి కొత్తల్లుడూ అడిగే ముక్కే ఇది. బస్సు దిగి మస్తాన్ల బజారెక్కడంటే చంటిపిల్లాడైనా చెయ్యి చూపిస్తాడు. తీరా వచ్చి చూస్తే బజారు మొత్తమ్మీద మస్తాన్ అనేవాడు ఒక్కడూ కనపడడు. నిజమే మరి, లేరు. ఇటు జరగండి, ఆ కాయ ఘాటంతా మీ మొహానికే కొడతంది. మీ నల్లపాడులో రైళ్ళు చూసి పెరిగినవాళ్ళు, మీకీ మిర్చి కల్లాలు అలవాటుండవు. రాఘవమ్మా, అల్లుడుగారికి మజ్జిగ పట్రా! కాస్త నిమ్మకాయ పిండు! ఆఁ, ఏం చెబుతున్నా? మస్తాన్లు. ఒకప్పుడు ఈ బజార్లో నిలబడి "ఒరేయ్ మస్తాన్" అని కేకేస్తే పది గుమ్మాల్లోంచి పలికేవాళ్ళండీ. ఆడా మగా, సాయిబులూ మేమూ, అందరూనూ. పోస్టుమాను కొత్తగా వచ్చినప్పుడల్లా నెత్తీ నోరూ కొట్టుకునేవాడు.

మస్తాన్ అంటే సాయిబుల పేరేగా అనుకునేరు. మా వైపు ఆ తేడా ఎప్పుడూ లేదు. పిల్లలు కలక్కపోయినా, కలిగినవాళ్ళు నిలవకపోయినా గుంటూరు మస్తాన్ దర్గాకి మొక్కుకోటం, మగపిల్లాడైతే మస్తాన్ రావనో మస్తానయ్యనో, ఆడపిల్లయితే మస్తానమ్మనో పెట్టుకోటం, ఇదంతా మీ వైపూ ఉన్నదే. అయితే మా ఊళ్ళో దీని మీద ఇంకో పద్ధతుండేది. పేరు పెట్టటం వేరు, పిలవటం వేరు. పెట్టేది తల్లీతండ్రీ. పిలిచేది మాత్రం ఇంకో మస్తానే. బిడ్డ చెవిలో ఆ పేరు మొట్టమొదట పలికే మనిషి తానూ మస్తానే అయ్యుండాలి, ఆ మనిషిని అంతకు ముందొక మస్తాన్ పిలిచుండాలి. ఏకుకి ఏకు అతికి నూలు తీసినట్టన్నమాట, మధ్యలో తెగకూడదు. తెగితే ఆ పేరుకి బలం ఉండదని పాతవాళ్ళ నమ్మకం.

ఈ వరసంతా నోటికొచ్చిన మనిషి ఒక్కడే ఉండేవాడు, దూది మస్తాన్ తాత. అసలు పేరు మస్తాన్ వలీ. దూదేకుల వాళ్ళు, ఇంట్లో కూడా తెలుగే. నేను ఆయన ఈడువాడినేం కాను గాని, సాయంత్రమైతే ఆయన అరుగు మీదే ఉండేవాణ్ణి. నేను చదివింది ఎనిమిదో తరగతి. బళ్ళో రాజుల వరస చెప్పమంటే బెత్తం దెబ్బలు తిన్నాను గాని, ఈయన చెప్పిన మస్తాన్ల వరస ఇప్పుడు అడిగినా చెబుతా. మొట్టమొదటివాడు ఫకీరు మస్తాన్. కలరా వచ్చి ఊరంతా చేలల్లోకి లేచిపోతే, చావిట్లో పడున్నవాళ్ళకి గంజి పోస్తా ఒక్కడే మిగిలాడంట. ఆయన పిలిచింది పహిల్వాన్ మస్తానయ్యని. అద్దంకి తిరునాళ్ళలో బండరాయి భుజానికెత్తుకున్నాడంట, అందరూ ఈలలు వేస్తుంటే సంబరమొచ్చి, దింపటం మర్చిపోయి ఊరిదాకా మోసుకొచ్చేశాడంట! నవ్వుతారేం, ఆ రాయి మీద మా నాయనమ్మ బట్టలుతికేది. ఆ పహిల్వాన్ పిలిచింది చేట మస్తానమ్మని. తెల్లదొర శిస్తుకని గుర్రమెక్కి వస్తే, చేట నిండా పండుమిరపకాయలు పట్టుకుని గట్టు మీద నిలబడి, "చేలో కాలు పెట్టావా, ముందు నీ గుర్రానికి పెడతా, తర్వాత నీకు" అందంట. దొరకి తెలుగు రాకపోయినా ఆ ముక్క అర్థమయ్యిందంట. ఆ మస్తానమ్మ ముసల్దయ్యాక పిలిచింది ఇద్దర్ని. ఒకడు నాటకాల మస్తాన్ రావు, ఆడవేషాలు కట్టేవాడు, మీసం తీసేశాడని పెళ్ళాం పండగ దాకా మాట్లాడలేదు. రెండోవాడు మన దూది మస్తాన్. "నన్ను ఆడమనిషి పిలిచిందిరా అంకమ్మరావూ, అందుకే నా నోరు మెత్తన" అనేవాడు.

నోరు మెత్తన అంటే మెత్తనే. మనిషి కూడా దూదే. కనుబొమ్మల మీద, చెవుల్లో, గడ్డంలో ఎప్పుడూ దూది పొరలే. భుజాన దూది ఏకే ఆ పెద్ద విల్లు, చేతిలో గుండు కర్ర. "పరుపులు కుడతాం, దిండ్లు ఏకుతాం" అంటా మార్టూరు దాకా నడిచే తిరిగేవాడు. మా ఊళ్ళో ఏ పెళ్ళికైనా ఆయన ఏకిన పరుపు లేకుండా శోభనం గది లేదండీ. ఆ నారి మీద కొడుతుంటే టంగు టంగు మని బజారంతా మోగేది, పసిపిల్లలు ఏడుపు ఆపి వినేవాళ్ళు. బారసాల రోజున ఆయన్ని పిలుచుకొస్తే చూడాలి వైభోగం. స్నానం చేసి, తెల్లలుంగీ కట్టి, ఉరుసులో తెచ్చిన గంధం దూదిపింజకి అద్ది బిడ్డ చెవితమ్మెకి రాసేవాడు. రెండు చేతులూ దోసిలిగా చెవి చుట్టూ పెట్టి, ఎవరికీ వినపడకుండా పిలిచేవాడు. బిడ్డ ఉలిక్కిపడినా, ఏడ్చినా, ఒంటేలు పోసినా సరే, "పలికాడు! పలికాడు!" అని ఆయనే ముందు గంతేసేవాడు. ఆయనకి ఇషాక్ అని ఒక్కడే కొడుకు, మార్టూరులో రాళ్ళ పాలిష్ పనికి పోయేవాడు. అయినా ఊళ్ళో పిల్లలంతా తన కొడుకులూ కూతుళ్ళే అన్నట్టు తిరిగేవాడు. "నేను పోయినా నా పేరు ఇన్ని నోళ్ళలో ఉంటది, ఇంకేం కావాల్రా" అనేవాడు. ఇంట్లోంచి జోహరాబీ, ఆయన భార్య, "ఆ పేరు కడుపు నింపుద్దా, ఫోము పరుపులొచ్చి నీ విల్లు చిలక్కొయ్యకెక్కింది చూసుకో" అనేది. ఆమె అన్నదీ నిజమే. ఆ రోజుల్లోనే ఫోము పరుపులు మొదలైనయ్. ఆయనకి మిగిలింది ఈ పిలవటం ఒక్కటే.

ఇంక ఆ పురుగు సంవత్సరం వచ్చిందండీ. తొంభై ఏడూ తొంభై ఎనిమిదీ. పత్తిలో పచ్చపురుగు పడి ఏ మందు కొట్టినా చావలా. మీరప్పుడు చిన్నవాళ్ళు, గుర్తుండదు. మా ఊళ్ళో జక్రయ్య కొడుకు, చర్చిలో పేరు ప్రభుదాసు, ఇంట్లో మాత్రం మస్తాన్ బాబు. వాళ్ళమ్మ చాటుగా మొక్కుకుని కన్నది వాణ్ణి. ఎండలో మందు కొడతా కొడతా చేలోనే పడిపోయాడు. మంచం మీద వేసి తెచ్చేసరికే అయిపోయింది. ఆ మిర్చి రోజుల్లోనే కాయ లోడు మీద కూర్చుని గుంటూరు యార్డుకి పోతా, చిలకలూరిపేట దాటాక లారీ బోల్తా పడి ఇంకొకడు పోయాడు. వాడూ మస్తానే. ఆ తర్వాత మా అంకయ్య మామ కూతురు మస్తానమ్మ పురిట్లో పోయింది. అది పోయినరోజు అంకయ్య మామ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వీధిలో కూలబడి, "చావు మస్తాన్లని ఏరుకుని తీసుకుపోతందిరా దేవుడా, మస్తాన్లని ఏరుకుని" అన్నాడు. కడుపు మండి అన్న మాటండీ అది. ఆయన మళ్ళీ ఆ మాట తలుచుకునుండడు. ఊరు మాత్రం పట్టుకుంది. టీకొట్టు దగ్గరా, బోరింగు దగ్గరా అదే మాట. మిగతా పేర్లవాళ్ళు కూడా పోయారు ఆ ఏడు, పోకుండా ఉంటారా? వాళ్ళనెవరూ లెక్కలోకి తీసుకోలా.

మొదట వచ్చింది దేవకుమారి. టైలరు పని చేసేది, ఆమెకి నడక నేర్చిన కొడుకొకడుండేవాడు. తాత అరుగు మీద కూర్చుని విల్లుకి నారి బిగిస్తన్నాడు, నేను పక్కనే ఉన్నా. పిల్లాణ్ణి చంకనేసుకొచ్చి, "తాతా, మావాడి పేరు తీసెయ్" అంది. ఆయనకి అర్థం కాలా. "పేరేమన్నా చొక్కానా అమ్మా, విప్పటానికి?" అని నవ్వాడు. ఆమె నవ్వలా. "పిలిచింది నువ్వు. నువ్వు పిలిస్తేనే వచ్చింది, నువ్వు పిలిస్తేనే పోద్ది. వేరే పేరుతో పిలువు" అంది. చూశారా అల్లుడుగారూ, ఎంత దూరం వెళ్ళారో! వేరే ఊళ్ళో అయితే పేరు మార్చుకుని ఊరుకునేవాళ్ళు. మా వాళ్ళకి అట్లా కుదరదు, పిలిచిన నోరే వెనక్కి తీసుకోవాలి. లోపల్నుంచి జోహరాబీ గరిటె పట్టుకుని వచ్చేసింది. "ఇరవై ఊళ్ళు దాటి ఉరుసు గంధం తెచ్చి పిలిచాడమ్మా నీ కొడుకుని! ఆ రోజు కాళ్ళ మీద పడ్డావు, ఈ రోజు పేరు చేదయ్యిందా? పో, పో!" అని. తాత చెయ్యెత్తి ఆమెని ఆపాడు. "బిడ్డ కోసం వచ్చింది. నా పేరెక్కువా, బిడ్డెక్కువా?" అన్నాడు. మెల్లిగా లేచి కాళ్ళూ చేతులూ కడుక్కొచ్చాడు. గంధం తీశాడు. "ఏం పేరమ్మా?" అంటే "జశ్వంత్" అంది. ఆయనకి నోరు తిరగలా. "జస్మంతు... జస్వతు..." అంటా పిల్లాడి చెవి దగ్గర తంటాలు పడుతుంటే నాకు నవ్వొచ్చింది, దేవకుమారికీ వచ్చింది, చివరికి ఆయనా నవ్వాడు. వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం విల్లుకి నారి మళ్ళీ బిగించలా. అట్లా ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

ఇక ఒకరి వెనక ఒకరు. పొద్దునే గుమ్మంలో ఎవరో ఒకరు పిల్లని చంకనేసుకుని నిలబడేవాళ్ళు. పెద్దవాళ్ళు కూడా వచ్చారండీ, మీసాలొచ్చినవాళ్ళు. సిగ్గుపడతా తల వంచి చెవి పెట్టేవాళ్ళు. "ఏం తాతా, మంచి గిరాకీ మీదున్నావే" అని నేను ఎకసెక్కం ఆడితే, "పరుపు విప్పి పాత దూది తీసేస్తన్నట్టుందిరా" అన్నాడు. ఎవర్నీ ఒక్క మాట అనలా. ఎవరు ఏ పేరడిగితే ఆ పేరు. సాయిరాములూ, కిరణ్ లూ, దివ్యలూ, టీవీలో వచ్చే పేర్లన్నీ ఆ గడ్డం కిందనుంచి వచ్చినయ్.

మా ఇంట్లోంచి కూడా వెళ్ళారు. నేను చెప్పేది మా అన్నయ్య కొడుకు సంగతి, మీ నాగజ్యోతికి తమ్ముడు. ఉంటే మీకు బామ్మరిది. ఏడేళ్ళవాడు, మహా గడుగ్గాయి. వద్దు వదినా అని నేనన్నా, మా అన్నయ్య "దానికి నిద్ర పట్టటం లేదురా, చేయిస్తే పోలా" అన్నాడు. తాత దగ్గరికి తీసుకెళితే వాడు చెవి ఇవ్వడే! "నా పేరు మస్తానే. బళ్ళో కూడా మస్తానే. నేను మారను" అని రెండు చెవులూ మూసుకున్నాడు. తాతకి ఎంత ముచ్చటేసిందో, కళ్ళల్లో నీళ్ళు తిరిగినయ్. "చూశావా, నా పక్షాన ఒక్కడున్నాడు" అన్నాడు నాతో. అయినా మా వదిన మొహం చూసి, వాడికి చక్కిలిగిలి పెట్టాడు. వాడు నవ్వుతా చేతులు తీసిన సందులో పిలిచేశాడు, సాయిచరణ్ అని. "మోసం! తాత మోసం చేశాడు!" అని వాడు ఆ బజారంతా వినపడేట్టు అరుచుకుంటా పరిగెత్తాడు.

అందరికంటే ఆఖర్న వచ్చింది ఎవరనుకున్నారు? సొంత కోడలు. ఇషాక్ భార్య షహనాజ్. మనవడికి ఆ పేరు ఆయనే పిలుచుకున్నాడు, ఊరంతా పోయినా ఇంట్లో ఒకడు మిగులుతాడనుకున్నాడు పాపం. మిట్ట మధ్యాహ్నం, అన్నం తిని చెయ్యి కడుక్కుంటన్నాడు. ఆ పిల్ల కొడుకు చెయ్యి పట్టుకొచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "నువ్వు కూడానా తల్లీ?" అన్నాడు. "భయంగా ఉంది మామా" అని ఏడ్చింది. అంతే, ఇంకేం అడగలా. ముస్తాక్ అని పిలిచాడు మనవణ్ణి. ఆ ఒక్క పేరుకి మాత్రం నోరు తిరిగింది. జోహరాబీ ఆ పూటంతా చేటలో బియ్యం చెరుగుతానే కూర్చుంది. ఎన్నిసార్లు చెరిగిన బియ్యమో అది.

ఆ సాయంత్రం నేను వెళితే, "ఒరే అంకమ్మరావూ, ఇప్పుడు బజార్లో మస్తానని కేకేస్తే నేనొక్కణ్ణే పలకాల్రా" అని నవ్వబోయాడు, దగ్గొచ్చింది. ఆ దూది పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పాడైపోయినయ్ ఆయనకి. దగ్గు తగ్గాక అన్నాడు: "వీళ్ళ మాటే నిజమైతే ఇంక నేనేగా మిగిలింది. నన్ను తీసుకుపోతే ఊరికి పట్టింది ఒదిలిపోద్ది. మంచిదేగా." అట్లా మాట్లాడొద్దని కసిరాను. కానీ అల్లుడుగారూ, ఊరు కూడా దానికోసమే చూసింది. పైకెవరూ అనలా. "తాతా, ఒంట్లో ఎట్లా ఉంది?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. కాస్త బాగుందిరా అంటే వాళ్ళ మొహాలు అదోలా అయ్యేవి. ఆయనకా సంగతి తెలియదా? తెలుసు. అందుకనే బాగున్నా కూడా "అంతంత మాత్రం" అనేవాడు, వాళ్ళ తృప్తి కోసం. మందు బిళ్ళలు కూడా మానేశాడని జోహరాబీ నా దగ్గర మొత్తుకుంది. పిల్లల మీదకి రాకుండా తానే ముందు పోవాలని, అదీ ఆయన పట్టుదల.

ఆయన పోలా. వానాకాలంలో జ్వరాలొచ్చినయ్. మెదడువాపు అన్నారు. మా అన్నయ్య కొడుకు సోమవారం బళ్ళో తలనొప్పన్నాడంట, రాత్రికి మూర్ఛ. తెల్లారి జీపులో గుంటూరు తీసుకుపోతన్నాం. మా వదిన ఒళ్ళో తల, నా ఒళ్ళో కాళ్ళు. చిలకలూరిపేట చేరకముందే... ఆ కాళ్ళు చల్లబడటం నాకే ముందు తెలిసింది. డ్రైవరుకి చెప్పలా. మా వదినకి చెప్పలా. ఇంకో ఊరు దాటేదాకా అట్లా పట్టుకునే కూర్చున్నా.

మజ్జిగ తాగండి, వేడెక్కిపోద్ది.

మస్తాన్ కాదుగా వాడు అప్పటికి. సాయిచరణే. గంధం రాసి, పిలిచి, ఒప్పజెప్పిన సాయిచరణ్. ఊరికి అప్పుడు తెలిసిందండీ. దినవారాలైన మర్నాడు దేవకుమారే మళ్ళీ ముందొచ్చింది. వెనకాల ఇంకా ఐదారుగురు తల్లులు. పిల్లలందరికీ తలంటిపోసి, మంచి బట్టలు తొడిగి తెచ్చారు. నేను అరుగు మీద ఓ పక్కన గుండు తలతో కూర్చునున్నా, నన్ను చూసి కొంచెం జంకారు. దేవకుమారి అరుగు ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "తాతా, తప్పయిపోయింది. నీ పేరులో ఏం లేదని తెలిసింది. మా పిల్లల్ని మళ్ళీ పిలువు" అంది. కోడలు షహనాజ్ లోపలి గుమ్మంలో నిలబడుంది, మనవడి భుజం మీద చెయ్యేసి. ఆ పిల్లా అందుకోసమే నిలబడింది. ఆయన కోరుకున్నదదేగా? పేరు నిలబడాలనేగా ఇన్నేళ్ళూ? నేననుకున్నా, పోనీలే, ఈయనకైనా కాస్త ఊరట అని.

ఆయన వాళ్ళందరి వంకా చూశాడు. "తెలిసిందా? ఎట్లా తెలిసిందమ్మా?" అన్నాడు. మళ్ళీ అడిగాడు, ఈసారి గట్టిగా. ఆయన గొంతు పెంచటం నేనెప్పుడూ వినలా. "ఎట్లా తెలిసిందో చెప్పండి. ఆ పసివాడు పోతే తెలిసింది. నా పేరు మంచిదని తేలటానికి వాడు పోవాలా? వాడు రెండు చెవులూ మూసుకుని నా పేరే కావాలన్నాడు. వాడిది లాక్కుని, వాడు పోయాక మీకు పంచమంటారా?" అని, కాసేపు ఊపిరందక ఆగాడు. తర్వాత మామూలు గొంతుతోనే, "నేనెవర్నీ పిలవను. పిల్లల్ని ఎండలో నిలబెట్టబాకండి, తీసుకుపోండి" అన్నాడు. గంధం డబ్బా తీసి జోహరాబీ చేతిలో పెట్టాడు. ఆమె అది ఏం చేసిందో నేనడగలా. ఇన్నాళ్ళూ ఆయన తరఫున పోట్లాడిన మనిషి, ఆ రోజు మాత్రం ఆయన్ని బతిమాలింది, ఒక్క మనవణ్ణయినా పిలవమని. వినలా.

ఆ తర్వాత ఎన్నో రోజులు లేడు. చలికాలం వెళ్ళలా. పోయేముందు ఓ పొద్దు మా వదిన వెళ్ళింది. వాడు పోయింతర్వాత ఆమె గడప దాటటం అదే మొదలు. నేను తోడెళ్ళా. చంకలో ఎవరూ లేకుండా, ఉత్త చేతులతో మంచం పక్కన కూర్చుంది. "తాతా, నేనడిగి తీయించానే, ఆ పేరు... ఒక్కసారి పిలువు. వాడికి వినపడకపోయినా నాకు వినాలనుంది" అంది. అంతకాలం ఎవరికీ లేదు పొమ్మన్నవాడు, మా వదినకి లేదనలేకపోయాడు. లేపి కూర్చోబెట్టమన్నాడు. కూర్చోబెట్టా. రెండు చేతులూ ఎత్తి దోసిలి పట్టాడు, అలవాటు మీద. పట్టుకోటానికి అక్కడ చెవేదీ? ఆ దోసిలి అట్లా గాలిలోనే ఉంది. పెదాలు కదిలినయ్. కదిలినయ్ గాని, మాట మాత్రం...

ఆఁ? ఏంటీ, పిలిచాడా లేదా అనా?

పడమర మబ్బేస్తంది చూశారా. ఈ కాయ మీద నాలుగు చినుకులు పడ్డాయంటే తెల్లారేసరికి రంగు పోయి తాలుగాయై పోద్ది. రాఘవమ్మా, కాయ మీద కప్పే పట్టాలు తియ్యి! లేవండి అల్లుడుగారూ, ఆ కొస పట్టుకోండి.